పసుపు నీళ్లు పోసిన బండి

మా ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకి ఆయన పాత మోటార్ సైకిల్‌ని నేనే కడిగి, ఇంజను మీద చెంబుతో పసుపు నీళ్లు పోసి, బొట్టు పెట్టాను. మర్నాడు హారన్ మోగింది గానీ, ఎంత కిక్కు కొట్టినా బండి స్టార్టవలేదు.

"ఏటొదినా, ఇంకా దీంతో ఏటి పని? రేపు కాశీబుగ్గ అట్టుకెళ్లి పాత ఇనుం కొట్లో ఇచ్చేత్తాను," అని మా మరిది వెళ్లిపోయాడు.

నాకు మనసొప్పలేదు. ఆయన ఇంటికొచ్చారని తెలిసేది ఆ చప్పుడుతోనే.

హారన్ మోగిందంటే బ్యాటరీ బాగున్నట్టే. స్పార్కు ప్లగ్గు విప్పి, దాని వైరు క్యాపు తగిలించి, నిప్పు వస్తుందో లేదో చూద్దామని ఇంజనుకి ఆనించాను. ఇదివరకు ఆయన కిక్కు కొడితే నేను వంగి చూసి, "నిప్పొచ్చిందండీ" అనేదాన్ని. ఇప్పుడు కొట్టేదీ నేనే, చూసేదీ నేనే. నిప్పు రాలేదు.

క్యాపు ఊడదీసి చూస్తే లోపలంతా పసుపు తడి. కొంగుతో తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ చూశాను. నిప్పు నీలంగా మెరిసింది.

ప్లగ్గు బిగించి కొట్టిన మొదటి కిక్కుకే బండి అందుకుంది. చెబుదామంటే వాకిట్లో ఎవరూ లేరు. స్టాండు మీదున్న బండి ఎక్కి, వెనక సీట్లో నా చోటులోనే కూర్చుని, ఆ చప్పుడు ఇంకా నాకు ఉంచిన దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.