నాలుగు చక్రాలూ తిరిగిన బండి

సద్దుల బతుకమ్మ నాడు, సూరత్ భేస్తాన్‌లో మా తెలుగోళ్ళ గల్లీ మొత్తం చూస్తుండగా, మా బావ కొత్త కారునూ, అందులో మా అమ్మనూ, అమ్మ పక్కన మూరన్నర ఎత్తు బతుకమ్మనూ కలిపి నేను బురదలో ఎలా దించేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె గట్టిగా లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కొత్తగా కారు కొన్నవాళ్ళయితే తప్పకుండా ఆగిపోవాలి. నన్నెరిగినవాళ్ళు మాత్రం ఎట్లాగూ చదువుతారు, నా పరువు పోయిన కథంటే వాళ్ళకు పండగే.

అప్పటికి నేను ఖటోదరాలో చీరల అచ్చు డిజైన్లు కంప్యూటర్లో గీసేవాణ్ణి. సొంతానికి ఒక పాత స్కూటర్ ఉండేది. ఫ్లైఓవర్ కనబడితే చాలు, దిగి నెట్టమనేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు కారు లేదు, కారు పెట్టుకునే జాగా లేదు, కానీ కార్ల విషయంలో సూరత్ మొత్తానికీ నా మాటే చివరి మాట అని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని నీళ్ళు పోసి పెంచింది ఒక వాట్సాప్ గ్రూపు. సూరత్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా అందులో ఉండేవాళ్ళు. ఒకరోజు అందులో ఒక కొత్త బండి ఫొటో వచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కుటుంబం కారు. ముందు నుంచి చూస్తే మామూలు కారే. వెనక్కి పోయేకొద్దీ పైకప్పు కిందికి వాలకుండా సాగీ సాగీ, చివర్లో ఒక పెద్ద తలుపుతో ఆగుతుంది. దీన్ని ఎస్టేట్ కారంటారు. సీట్లు మడిస్తే డిక్కీలో చిన్న కాపురం పెట్టుకోవచ్చు.

ఇక చూడండి గ్రూపులో గోల. ఒకాయన శవాల బండి అన్నాడు. ఇంకొకాయన సైరన్ విడిగా కొనుక్కోవాలా అని అడిగాడు. జీపు మీదికి రోడ్డు రోలర్ ఎక్కితే ఇట్లాంటిదే మిగులుతుందని మూడో ఆయన తేల్చేశాడు. ఒకాయన మాత్రం ఇలాంటి బండి మన దేశానికి రావడం మన పూర్వజన్మ పుణ్యమని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయితే కొంటావా అని అడిగితే, పదేళ్ళు వాడినది చవగ్గా దొరికితే చూస్తానన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు, గ్రూపు పెద్ద జిగ్నేశ్ భాయ్ ఒక ఎత్తు. ఆయనకు నిచ్చెన వేసుకుని ఎక్కాల్సినంత ఎత్తు జీపు ఉంది. ఆయన ఒకే ముక్క రాశాడు. "రోడ్డు మీద అన్ని బండ్లూ పులులే భాయ్. కీచడ్‌లో దించు, అప్పుడు మాట్లాడదాం."

ఆ కీచడ్, అంటే బురద, నా మనసులో ముల్లులా దిగింది. ఆ బండి తరఫున నేనొక్కణ్ణే రాత్రీ పగలూ వాదించాను. వాదించి వాదించి చివరికి దాన్ని కొనిపించాను కూడా. నా డబ్బుతో అనుకునేరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో బావ సొమ్ముతో బామ్మర్ది షోకు చేశాడు.

మా సత్యం బావ అంటే మా లావణ్య అక్క భర్త. ఉధనా వైపు టిఫిన్ హోటళ్ళు నడుపుతాడు, నెమ్మదస్తుడు. హోటల్ సామాన్లకు మూడు చక్రాల టెంపో ఒకటి, ఇంటికి చిన్న కారు ఒకటి కొనుక్కుందామని ఆయన ఆలోచన. నేను నెలరోజులు ఆయన ఇడ్లీలు తింటూ ఆయన బుర్ర తిన్నాను. రెండు పనులూ ఒక్క బండే చేస్తుంది, పైగా నాలుగు చక్రాలూ తిరుగుతాయి, వానాకాలం సూరత్ మునిగినా మనం మునగం అని చెప్పాను. బావ చివరికి ఒక్కటే అడిగాడు, పిండి డబ్బాలు ఎన్ని పడతాయని. పడతాయన్నాను. కొనేశాడు పాపం.

బండి గల్లీలోకి వచ్చిన రోజు అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏందిరా గిది, గింత పొడుగున్నది? మనుషులు ముందల కూసుంటే ఎనుక ఎవరు పండాలె?" అంది. నేను వెనక తలుపు ఎత్తి, సీట్లు మడిచి చూపించాను. అమ్మ వంగి, మోచెయ్యి ఆనించి లోపల ఎత్తు కొలిచింది. నాకు అర్థమైంది. అమ్మ కొలుస్తున్నది బతుకమ్మ కోసం.

ఇక్కడ కొంచెం నవ్వు ఆపి ఒక మాట చెప్పాలి. మా గల్లీలో అందరికంటే పెద్ద బతుకమ్మ మా అమ్మదే. అందరూ ఆడే గ్రౌండులో నడుమ పెట్టేది దాన్నే, పాట ఎత్తుకునేది అమ్మే. లూముల్లో పనికని నాన్న వెంట సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచీ దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచే పోయేది. మోకాళ్ళు పట్టేశాక, అంతకుముందు ఏడాది టెంపోలో పెట్టుకుని పోయింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర టెంపో ఎగిరింది, బతుకమ్మ సగానికి కూలింది. ఒరిగిపోయిన దాన్నే నడుమ పెట్టి ఆడారు. ఆ సాయంత్రం అమ్మ పండగకు కలిపిన సద్ది అన్నం నోట్లో పెట్టలేదు. ఇంక వచ్చే ఏడు నుంచి చిన్నది చేసి ఇంట్లోనే పెట్టుకుంటానంది. ఆ మాట నాకు చాలా బాధేసింది.

అందుకే ఆ డిక్కీ ముందు నిలబడి మాటిచ్చాను. "అమ్మా, ఈసారి ఒక్క పువ్వు గూడ రాలది. నాది జిమ్మెదారి."

అమ్మ మళ్ళీ పెద్దది పేర్చింది. తంగేడు పువ్వూ గునుగూ ఊరి నుంచి మేనమామ బస్సులో పంపాడు. గునుగుకు రంగులద్దింది, బంతీ చామంతీ వరసలు వేసింది, పైన పసుపు గౌరమ్మను కూర్చోబెట్టింది. నేను ఇక్కడ ఏం చేయాలి? బుద్ధిగా తారు రోడ్డు మీద నెమ్మదిగా తీసుకుపోవాలి. అంతే పని. కానీ నా బుర్రలో ఆ కీచడ్ ముల్లు ఇంకా ఉంది. పొద్దున్నే జిగ్నేశ్ భాయ్‌కి ఫోన్ చేసి, సాయంత్రం గ్రౌండు పక్కనున్న ఖాళీ ప్లాట్ దగ్గరికి రమ్మని, వస్తే ఎస్టేట్ సంగతి చూపిస్తానని చెప్పాను.

సాయంత్రం బావ హోటల్లో ఉండిపోయాడు. అక్క ముందు సీట్లో సద్దుల డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మ వెనక, మడవకుండా వదిలిన సీట్లో కూర్చుని బతుకమ్మ తాంబాళం మీద చెయ్యి వేసింది. గల్లీ ఆడవాళ్ళు ముందే బయల్దేరారు. మలుపు దగ్గర నేను రోడ్డు వదిలి ప్లాట్ వైపు తిప్పాను.

"కొడకా, తొవ్వ అటున్నది గదా," అంది అమ్మ.

"రోడ్డంత గర్బా జనమే అమ్మా. గిట్ల అడ్డం పోతే రెండు నిమిషాలల్ల గ్రౌండుల ఉంటం."

"మొన్న వాన పడ్డది రా."

"గీ బండికి వానైనా ఎండైనా ఒక్కటే. నాలుగు చక్రాలు తిరుగుతయి."

అక్క నా వైపు చూసింది. "మహేశ్, తమాషా మత్ కర్, ఆటలొద్దు. ఎనుక పూలున్నయి."

గేరు పక్కన గుండ్రటి మీట ఉంటుంది, దాన్ని బురద బొమ్మ మీదికి తిప్పాను. బండి బురదలోకి దిగింది. ఒట్టు, ఏం పోయిందండీ. ఊగలేదు, జారలేదు, వెన్నలో కత్తి దిగినట్టు పోయింది. అద్దంలో చూస్తే గౌరమ్మ కదలకుండా కూర్చుంది. సగం ప్లాట్ దాటాం. అట్లాగే ఇంకొంచెం పోయి ఉంటే ఈ కథే లేదు, నేను ఇవాళ గ్రూపుకు పెద్దనై ఉండేవాణ్ణి.

కానీ గట్టు మీద జిగ్నేశ్ భాయ్ చేతిలో డ్రోన్ పెట్టుకుని కనిపించాడు. బురద మధ్యలో, సాయంత్రం ఎండలో ఈ బండి ఎంత బాగుంటుందో ఆయన చూడాలి కదా. ఫొటో కోసం బండి ఆపాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసులో ఆగనేల, ఫొటో దిగనేల అని మాత్రం వాళ్ళు చెప్పి పోలేదు, వాళ్ళ దగ్గర ఫోన్లు లేవు. ఫొటో అయ్యాక ఆక్సిలరేటర్ తొక్కాను. నాలుగు చక్రాలూ తిరిగాయి. ఇంకా తొక్కాను, ఇంకా తిరిగాయి. మామూలు కారైతే రెండు చక్రాలు దిగబడి ఒక పక్కకు ఒరుగుతుంది. మాది గొప్ప బండి కాబట్టి, నాలుగు చక్రాలూ సమానంగా తవ్వుకుంటూ, మడుగులో బర్రె కూర్చున్నట్టు నిదానంగా కింద కూర్చుంది.

అమ్మ బతుకమ్మ చుట్టూ చూసి, నిజంగానే సంబరంగా అంది. "నువ్వన్నట్టే ఒక్క పువ్వు గూడ రాలలేదు కొడకా." నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

అద్దం దించి, మీ జీపుతో జర లాగండని జిగ్నేశ్ భాయ్‌ని బతిమాలాను. జీపు తేలేదన్నాడు. నిన్ననే పాలిష్ చేయించాడట, బురద అంటుతుందని భార్య స్కూటర్ మీద వచ్చాడట. పోనీ తాడుందా అంటే డ్రోన్ ఉందన్నాడు. కొండలూ ఎడారులూ దాటే బండ్ల గురించి ఆ గ్రూపులో రోజూ చర్చే, తాడు ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు.

పొద్దు వాలుతోంది. అమ్మ చెప్పు తీసి ఒక కాలు బురదలో పెట్టింది, మోకాలు కలుక్కుమంటే మళ్ళీ లోపలికి లాక్కుంది. నేను వీపున మోసుకెళ్తానన్నాను. "నన్నెత్తుకొని నువ్వు గూడ దిగబడితే, నిన్నెవరు గుంజాలె," అంది. గ్రౌండు వైపు చూసి, "బతుకమ్మనన్న తీస్కపోండ్రి బిడ్డా. నేను గీడికెళ్ళి చూస్త," అని అక్కతో నెమ్మదిగా చెప్పింది. అప్పుడు నాకు కార్లంటే మొదటిసారి అసహ్యం పుట్టింది.

ఇంతలో గ్రౌండు నుంచి ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టుకుని మా వైపు రావడం కనిపించింది. ముందు లచ్చవ్వ, అమ్మకు మొదటి నుంచీ జోడు. బండిని చూసింది, నన్ను చూసింది, నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"రాజక్కా, నువ్వు లేకుంటే పాట ఎవరెత్తుకోవాలె? నువ్వు రాకుంటే మేమే వస్తిమి," అంది.

ఇక తర్వాత జరిగింది నేను ఆపగలిగే పని కాదు. వెనక తలుపు పైకెత్తారు. అమ్మను డిక్కీ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టారు. ఆమె పక్కన మా బతుకమ్మ. వాళ్ళ బతుకమ్మలు కొన్ని డిక్కీలో సర్దారు, పట్టనివి తీసుకొచ్చి మా బావ బండి బానెట్ మీద పెట్టారు. ఇత్తడి తాంబాళాలు ఆ కొత్త రంగు మీద కర్రుమన్నప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ గొంతెత్తింది. బండిని నడుమ పెట్టి, మడమల దాకా బురదలో, అందరూ చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. జిగ్నేశ్ భాయ్ డ్రోన్ పైన తిరిగింది. కదలనిది నేనూ, బండీ.

పాట అయ్యాక పక్క మిల్లు నుంచి మా గల్లీ మగవాళ్ళు చిందీ మూటలు తెచ్చారు. చిందీ అంటే కోతల్లో మిగిలే చీరల పీలికలు, సూరత్‌లో మట్టికి కూడా కరువుంటుందేమో గానీ వాటికి లేదు. వాటిని చక్రాల కింద కుక్కి, అందరూ కలిసి వెనక నుంచి నెట్టారు. బండి ఒక్క దూకు దూకి బయటపడింది. వెనక వీడియో తీస్తున్న జిగ్నేశ్ భాయ్ మీద నాలుగు చక్రాల బురదా, రంగురంగుల పీలికలూ పడ్డాయి. ఆయన అడిగిన కీచడ్ ఆయనకు అందింది. నిమజ్జనానికి తారు రోడ్డు మీద పోయాం, నడిపింది అక్క. ఆ సాయంత్రం అమ్మ సద్ది రెండుసార్లు పెట్టించుకుని తింది.

మర్నాడు ఆ వీడియో గ్రూపులో పడింది. శవాల బండి అన్నాయనే అది రథంలా ఉందని రాశాడు. సైరన్ అడిగినాయన డిక్కీ కొలత అడిగాడు. పదేళ్ళ పాతది కావాలన్నాయన, ఐదేళ్ళదైనా ఫర్వాలేదన్నాడు. జిగ్నేశ్ భాయ్ మళ్ళీ ఒకే ముక్క రాశాడు. "గాడీ మంచిది. డ్రైవర్‌ను మార్చండి."

మా బావ మాత్రం హోటల్ నుంచి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద గీతలు చూశాడు, చక్రంలో చిక్కుకున్న పీలిక ఒకటి బయటికి లాగాడు. కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్దీ, నేను టెంపో కొంటనంటే నాలుగు చక్రాలు తిరుగుతయన్నవు. నిజమే, తిరిగినయి. ఉన్నకాడ్నే తిరిగినయి."

కనుక సకల జనులకూ తెలియజేయునది ఏమనగా, తంగేడు పువ్వు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో నేను బురదలో బండి ఆపను, ఫొటో కోసం అసలే ఆపను, బావ బండిని కీచడ్ పరీక్షకు పంపను. నిలబెట్టుకుంటూనే ఉన్నాను కూడా. అమ్మ ఇప్పుడు ఇంకో జానెడు పెద్ద బతుకమ్మ పేరుస్తోంది. ప్రతి ఏడూ అదే బండి, అదే డిక్కీ, నడిపేది అక్క. నేను వెనకాల నా పాత స్కూటర్ మీద, భుజాన ఒక తాడు వేసుకుని పోతుంటాను.