బెంగకూ రందికీ మధ్య మా మేడమ్

మా మేడమ్ పోయారు. పోయిన నెలలో, గుండెజబ్బుతో, ఆస్పత్రిలోనే. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఢిల్లీలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళు నాకంటే బాగా రాస్తారు, తీరిగ్గానూ రాస్తారు. నాకు ఆ తీరిక లేదు. ఒక తెలుగు మాట కోసం ఆమె చివరిదాకా వాదించారు. ఆ మాట లేకుండానే ఒక ప్రశ్నపత్రం వచ్చే నెల అచ్చుకు వెళ్ళబోతోంది. దాన్ని ఆపడం నా చేతుల్లో లేదు. మన తెలుగువాళ్ళందరి ఇళ్ళకూ చేరే ఈ పత్రికలో రాయడం ఒక్కటే నా చేతనవుతుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆమె కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. రిటైరయ్యాక ఢిల్లీ, గుర్‌గావ్‌లలో ఉండే తెలుగువాళ్ళ మానసిక ఆరోగ్యం మీద ఒక పరిశోధనలో చేరారు. సర్కారీ క్వార్టర్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళ అపార్ట్‌మెంట్లు, కట్టడాల పక్కన వేసే రేకుల గదులు, అన్నిచోట్లా తిరిగి ప్రశ్నలడిగే పని నాది. మా అమ్మానాన్నలు పాలమూరు వైపు నుంచి ఇళ్ళు కట్టే కూలికి వచ్చినవాళ్ళు. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినదాన్ని మొదట నేనే. ఆ రేకుల గదుల్లోకి నేనైతే తేలిగ్గా వెళ్తానని మేడమ్ నన్ను తీసుకున్నారని అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే, "కాదమ్మాయ్, నీ దస్తూరీ బాగుంది" అన్నారు.

ఆమెను మొదట చూసింది సాకేత్‌లో, వాళ్ళ ఫ్లాట్ గుమ్మంలో. లక్ష్మీ నగర్‌లో నా పీజీ గది నుంచి, మెట్రో స్తంభాలు లేస్తున్న రోడ్డు మీద బస్సులు మారి వెళ్ళాను. తలుపు తీసి "దయచేయండి" అన్నారు. నాతో అంతకుముందు ఎవరూ ఆ మాట అనలేదు. నా వెనక ఇంకెవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని తిరిగి చూశాను. ఆమె గొంతు తగ్గించి, "నిన్నేనమ్మాయ్, లోపలికొచ్చెయ్. ఈ ఊళ్ళో గుమ్మంలో నిలబడి ఆ రెండో మాట అనకూడదు" అన్నారు.

ఆ రెండో మాట "రండి". పెళ్ళయి ఢిల్లీ వచ్చిన కొత్తలో, చుట్టాలు వస్తుంటే బాల్కనీలోంచి "రండి, రండి" అని కేకేశారట. కింద పొరుగింటావిడ నడిచి వస్తోంది. హిందీలో అది ఆడవాళ్ళను తిట్టే బూతు. "బెహెన్‌జీ, మా భాషలో అది మర్యాద అని ఎంత చెప్పినా వినదే! 'అచ్ఛా, బాగుంది మీ మర్యాద' అని మొహం తిప్పుకుంది. మళ్ళీ నాతో మాట్లాడ్డానికి దీపావళి రావాల్సొచ్చింది" అని చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అప్పటినుంచి చిన్నా పెద్దా ఎవరొచ్చినా "దయచేయండి". గ్యాస్ సిలిండర్ తెచ్చే భయ్యా కూడా ఆ మాట పట్టేశాడు. తలుపు కొట్టి తనే "దయచేయండీ" అని అరిచేవాడు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. మనిషి మనసు కుంగిందో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలున్నాయి. వాటిని తెలుగులోకి మార్చాలి. ఆ తెలుగును, అసలు ఇంగ్లీషు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండు ఇంగ్లీషులూ కలిస్తే ప్రశ్న ఉంటుంది, కలవకపోతే పోతుంది. జవాబులకు మార్కులుంటాయి. ఆ మార్కులు ఒక గీత దాటితే కౌన్సెలర్ దగ్గరికి ఉచితంగా పంపుతారు. దాటకపోతే ఆ మనిషికి ఏమీ లేనట్టే లెక్క.

మేడమ్ ఎక్కడికి వెళ్ళినా ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేవారు. మనం వెళ్తే పాపం పాలకోసం పరుగెడతారని, ఆమే వాళ్ళకు పోసేవారు. రేకుల గది అయినా చెప్పులు బయటే విడిచేవారు. ప్రశ్న అడిగాక నన్ను నోరు మెదపనిచ్చేవారు కాదు. అవతలివాళ్ళు ఆలోచిస్తుంటే నేను ఆగలేక మాట అందించబోతే, నా మోచేతి మీద వేలు ఆనించేవారు. "ఆ ఖాళీ వాళ్ళది, నువ్వు నింపకు" అనేవారు బయటికొచ్చాక. ఆమె తప్పకుండా అడిగే ప్రశ్న మాత్రం మా పత్రంలో లేనిది: "అన్నం సయిస్తోందా అమ్మా?" గుర్‌గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్య అన్నిటికీ "ఐయామ్ ఫైన్ ఆంటీ" అంటూ వచ్చి, దీనికి మాత్రం ఆగిపోయింది. భర్త ఆఫీసు క్యాబ్ వచ్చేదాకా బిస్కెట్లతోనే గడుపుతున్నానని, వండాలంటే చెయ్యి ఆడదని చెప్పింది.

తెలుగు ప్రశ్నలు సరిపోయాయో లేదో చూడ్డానికి ముందు తెలిసినవాళ్ళను అడగాలి. "మీ అమ్మను అడుగుదామా?" అన్నారు మేడమ్. నేను కాదనలేదు. అమ్మ సరిగ్గా తినక అప్పటికే చాలా నెలలైంది. యమున ఒడ్డున మా బస్తీని కూల్చేశాక అమ్మవాళ్ళు ఒక అద్దె గదికి మారారు. నేను పుట్టినప్పటినుంచీ మాతో గోడ పంచుకుని బతికిన బీహారీ దీదీ వాళ్ళకు ఊరి చివర ఎక్కడో చోటు ఇచ్చారు. అమ్మకు హిందీ అంతంతమాత్రం, దీదీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఇద్దరూ పొద్దస్తమానం ఏవో చెప్పుకుంటూనే ఉండేవాళ్ళు. అమ్మను తీసుకుని వెతకడానికి వెళ్ళాను. ఏ గల్లీలో అడిగినా తెలియదన్నారు. తర్వాత ఆస్పత్రిలో చూపిస్తే పరీక్షలన్నీ నార్మల్ అన్నారు.

ఆరోజు అమ్మ ముందు కాగితాలు పరుచుకుని కూర్చున్నాను.

"బాధగా ఉంటోందా?"

"నాకేం బాధ బిడ్డా? తిననీకి లేదా, కట్టనీకి లేదా?"

"ఏడుపు వస్తోందా?"

"ఊకెనే ఏడ్వనీకి నేనేమన్న సంటిపిల్లనా?"

"పనుల మీద ఆసక్తి తగ్గిందా?"

"ఆసక్తంటె ఏంది?" అమ్మ మేడమ్ వైపు తిరిగింది. "సూడమ్మా, గింత సదివిపిస్తె దీనికి నాతోని తెలుగు మాట్లాడొస్తలేదు."

మార్కులు వేశాను. అమ్మ గీతకు చాలా కింద ఉంది. ఏమీ లేనట్టే లెక్క.

మేడమ్ టీ పోసి గ్లాసు అమ్మ చేతికిచ్చారు. "అన్నం సయిస్తోందా అమ్మా?"

"సయించుడంటె?"

"లోపలికి పోతోందా అని."

"వోతలేదమ్మా. నోట్లె వెట్టుకుంటె ఆడ్నే ఉంటది."

"ఎవరిమీదైనా బెంగ పెట్టుకున్నావా?"

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "మేము రంది అంటం. దీదీ రంది వెట్టుకున్న. మనిషి యాడుందో తెల్వకపాయె. గా రంది లోపట కూసుంటె బువ్వకు జాగ యాడిది?"

మేడమ్ గబుక్కున తలుపు వైపు చూశారు. బయట కుళాయి దగ్గర హిందీ ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. "ఏంటీ, రండి అన్నావా?"

"రండి గాదమ్మా, రంది!"

"నాకే అలా వినపడితే వాళ్ళకెలా వినపడుతుందే తల్లీ! మెల్లిగా అను, కొట్లాటకొస్తారు."

అమ్మ నవ్వింది. చాలాకాలానికి నవ్వింది.

బస్టాపులో మేడమ్ అన్నారు: "బాధ ఉందా అంటే లేదంటుంది, అబద్ధమేం కాదు. బెంగ పెట్టుకున్న మనిషి అన్నం పోవట్లేదంటుంది, కాళ్ళు లాగుతున్నాయంటుంది. మనం దాన్ని అడగనే లేదుగా." ఆ వారమే ఆమె ఒక కొత్త ప్రశ్న రాశారు. ఎవరిమీదైనా, దేనిమీదైనా బెంగ పెట్టుకుని తిండీ నిద్రా తగ్గాయా అని. రెండో రూపంలో బెంగ బదులు రంది పెట్టారు.

తిరిగి ఇంగ్లీషులోకి మార్చే పని ఢిల్లీలో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయిది. బెంగ అన్న మాట ఆ పిల్ల అమ్మమ్మ ఫోన్లలో తప్ప వినలేదు. అది ఇంగ్లీషులోకి "ఊరు గుర్తుకు రావడం"గా వెళ్ళింది. రంది "చింత"గా వెళ్ళింది. ఊరు గుర్తుకు రావడం జబ్బు కాదు, చింత గురించి వేరే ప్రశ్న ముందే ఉంది. కాబట్టి రెండూ తీసేయాలని మా పరిశోధనవాళ్ళు అన్నారు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఇరుకు బస్తీల్లో రంది అన్న మాటను పైకి చదివితే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?

మీటింగులో నేను గోడ పక్క కుర్చీలో కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. "ఊరు గుర్తొస్తే ఎవరైనా అన్నం మానేస్తారా?" అని మేడమ్ వాదించారు. పరిశోధనకు పెద్దగా ఉన్న సర్ హిందీ ఆయన. చెడ్డ మనిషి కాదు, మేడమ్ అంటే గౌరవం కూడా. "మేడమ్‌జీ, మీ తెలుగువాళ్ళే ఒక మాట మీద లేరు. అందరికీ ఒకేలా అర్థమయ్యే మాట ఒకటి చెప్పండి, పెడతాను. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా అర్థమయ్యే ప్రశ్నకు మార్కులెలా వేస్తాం?" అన్నారాయన. అది న్యాయమైన మాటే.

తర్వాత కొద్దిరోజులకే ఆమె ఆస్పత్రిలో చేరారు. చూడనిచ్చే వేళకు మధ్యాహ్నం వెళ్ళాను. నర్సు వచ్చి, "ఆంటీజీ, దర్ద్ కిత్నా హై? నొప్పి ఎంతో ఒకటి నుంచి పదిలోపు చెప్పండి" అని హిందీలో అడుగుతోంది. మేడమ్ నావైపు తిరిగి తెలుగులో, "చూశావా, నన్నూ గీతకి ఇవతలో అవతలో తేలుస్తోంది. ఎంత చెబితే నిద్రమందు ఇస్తుందో కనుక్కో" అన్నారు. ఆ వెంటనే, "మీ అమ్మ తింటోందా?" అన్నారు.

"కొంచెం" అన్నాను.

కొంచెం అంటే ఎంత అని ఆమె అడగలేదు.

వాళ్ళబ్బాయి పక్కనే ఉన్నాడు. ఇక్కడే పుట్టాడు, గుర్‌గావ్‌లో ఉద్యోగం. తెలుగు చాలావరకు అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తాడు. మేడమ్ అతని చెయ్యి పట్టుకుని, "నామీద బెంగ పెట్టుకోకురా. వేళకి తిను" అన్నారు. "హా మమ్మీ, ఠీక్ హై" అన్నాడు. వరండాలోకి వచ్చాక నన్ను ఆపి, "యే బెంగ క్యా హోతా హై?" అన్నాడు, బెంగ అంటే ఏమిటని.

ఉదాసీ, విచారం అనబోయాను. కాదు. చింత అనబోయాను. అదీ కాదు. చివరికి, "కిసీకీ బహుత్ యాద్ ఆనా" అన్నాను, ఎవరైనా బాగా గుర్తుకు రావడం అని.

"యాద్ క్యో ఆయేగీ? గుర్తు రావడమెందుకు? నేనిక్కడే ఉన్నాను, అమ్మా ఇక్కడే ఉంది" అన్నాడతను అమాయకంగా.

తిరిగి ఇంగ్లీషులోకి మార్చిన ఆ అమ్మాయి మీద నాకున్న కోపం ఆ వరండాలోనే పోయింది.

ఆ వారం దాటకుండానే మేడమ్ పోయారు. కర్మకాండలన్నీ అయ్యాక ఒకరోజు వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఆఫీసుకు వెళ్తున్నానని, అంతా బాగానే ఉందని చెప్పాడు. ఫోన్ పెట్టేసేముందు, "ఖానా అందర్ నహీ జాతా. అన్నం లోపలికి పోవట్లేదు. ఆరోజు మమ్మీ అన్నది ఇదేనా?" అన్నాడు. అవునన్నాను. మా ప్రశ్నలన్నీ అతన్ని అడిగినా అన్నిటికీ లేదనే అంటాడు. గీతకు కిందే ఉంటాడు.

సర్ దగ్గరికి వెళ్ళాను. "దేఖో బేటా, ఆవిడ ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేవాణ్ణి. నీ ఒక్కదాని మాట మీద ఎలా పెట్టను? వేర్వేరు జిల్లాలవాళ్ళు ఏమంటారో తీసుకురా, చూస్తాను. అచ్చుకు వెళ్ళేలోపు" అన్నారు. వచ్చే నెల తర్వాత ఆ పత్రంతో ఇల్లిల్లూ తిరగాల్సింది మళ్ళీ నేనే. మా అమ్మలాంటివాళ్ళు ఎదురైతే నేనే సున్నాలు వేసి లేచి రావాలి.

మేడమ్ పోయిన సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె కంచం ముందు కూర్చుని ఉంది. "టీ పోసిన అమ్మనా?" అంది. కంచాన్ని కొంచెం పక్కకు జరిపి, దానిమీద ఇంకో కంచం బోర్లించి, ఎవరో వచ్చి తింటారన్నట్టు దాని పక్కనే కూర్చుంది.

ఇది చదువుతున్నవారిని నేను అడిగేది ఒక్కటే. మనిషి కోసమో చోటు కోసమో మనసు కొట్టుకుని అన్నం దిగకపోతే మీ ఇంట్లో దాన్ని ఏమంటారు? బెంగా, రందా, దిగులా, ఇంకేదైనానా? మీది ఏ జిల్లా? మిగతా మాటలు విన్నప్పుడు మీకు ఏమని అర్థమవుతుంది? ఈ పత్రిక చిరునామాకు ఒక పోస్టుకార్డు రాసినా చాలు. రాయడం రాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ముందు వాళ్ళను అడగండి, వాళ్ళు అన్నమాట అన్నట్టే రాయండి, దయచేసి సరిదిద్దకండి. మార్చి పదో తేదీలోగా నాకు అందాలి.