గొలుసు అర

తెరచాప పడవ మీద బతికేవాళ్లు మామూలుగా తుఫానుకు భయపడతారు. పడవ నడిపే సరంగు పెళ్లానికి మాత్రం పడవ ముక్కులో ఉన్న గొలుసు అర అంటేనే గుండెదడ. లంగరు పైకి లాగుతుంటే గొలుసంతా ఆ అరలో గోపురంలా కుప్పపడుతుంది. అల తాకి ఆ కుప్ప కూలిందా, గొలుసు దాని కిందే చిక్కుకుని, లంగరు మళ్లీ వేసేటప్పుడు కదలదు. అందుకే ఆవిడ బోర్లా పడుకుని, పసిబిడ్డకు పక్క వేసినంత ఓపికగా గొలుసును అరంతా పరుస్తుంది. ఆ పొద్దున మాత్రం చలికి వేళ్లు కొంకర్లు పోయి ఆ పని మానేసింది.

మధ్యాహ్నం గాలి తిరిగి, పడవ రాళ్ల మీదికి కొట్టుకుపోసాగింది. "లంగరు వదలవే!" అని సరంగు అరిచాడు. వదిలితే గొలుసు రెండు బారలు జారి బిగుసుకుపోయింది.

"చిక్కుపడిందయ్యో!"

"చెయ్యి పెట్టి తియ్యి! చుక్కాని వదిలేసి నేనెట్లా రాను?"

చిక్కు వీడిన మరుక్షణం గొలుసు ఉరుకుతుంది, అడ్డమొస్తే చేతినీ లాక్కుపోతుంది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, మోచేతిదాకా దూర్చి, మెలిక మీద పడ్డ గొలుసును పక్కకు లాగింది. గొలుసు గర్జిస్తూ పరుగెత్తింది. రాళ్లకు నాలుగు బారల ఇవతల పడవ ఆగింది.

సరంగు పరుగున వచ్చేసరికి ఆవిడ చేతిని ఒళ్లో దాచుకుని కూర్చుంది.

"లంగరు పట్టిందే, బతికిపోయాం! ఇక కళ్లు తెరువు."

"ముందు నా వేళ్లున్నాయేమో నువ్వు చూసి చెప్పవయ్యా."