ముందు నాకు

ఫాదర్‌గారు రాని ఆదివారాల్లో మా ఊరి చర్చిలో వాక్యం చదివి చెప్పేది ఉపదేశిగారే. చదవడం కాగానే గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ మాట ముందు నాకు, తర్వాతే మీకు" అనేవారు. మా తాతగారు చేయించిన ముందు బల్ల మీద కూర్చుని, నేను దాన్ని వట్టి వినయం అనుకునేవాణ్ణి.

ఈస్టర్ తర్వాతి ఆదివారం, భయంతో తలుపులు బిగించుకున్న శిష్యుల మధ్యకు ప్రభువు వచ్చిన ఘట్టం చదువుతుండగా ఉరిమింది. మాకు మిగిలిన ఒకే ఒక్క ఎకరం మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. తడిస్తే ఆ ఎకరమూ అమ్ముకోవాలి. అయినా మా ఇంటివాళ్లు ప్రార్థన మధ్యలో లేవరు. నిటారుగా కూర్చున్నాను.

ఉపదేశిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ముందు నాకు. నా కౌలు చేను కాయలూ కల్లంలోనే ఉన్నాయి. నాకు భయమేస్తోందర్రా! లేవండి, కాయలు కప్పొచ్చాక మిగతాది చెప్పుకుందాం."

"హమ్మయ్య, ఇందాకట్నుంచీ ఈ మాట కోసమే చూస్తున్నాం!" అంది వెనకనుంచి ఒకావిడ.

కల్లంలో గాలికి టార్పాలిన్ పట్టా నా చేతుల్లోంచి ఎగిరిపోతోంది. దాన్ని పరవడానికి ఇద్దరుండాలి. పక్క కల్లంలో ఆయనా ఒక్కరే తంటాలు పడుతున్నారు. మా వంశంలో సాయం అడిగినవాళ్లు లేరు. మళ్లీ ఉరిమింది.

"ఉపదేశిగారూ, నాకూ భయమేస్తోందండీ!" అని అరిచాను.

"ఆ కొస వదలకండి, వస్తున్నా! ముందు మీది, తర్వాత నాది."

మేమిద్దరం అటు చేరేసరికి ఆయన కాయలు సగం తడిసిపోయాయి.

ఆయనున్నన్నాళ్లూ ఉరిమితే నా కాళ్లు ముందు ఆయన కల్లం వైపే పరుగెత్తేవి. భయం మాత్రం ఇప్పటికీ పోలేదు.