ఆరిఫ్ ఒకరోజు ముందు చేసుకున్న పండగ

మదనపల్లెలో బసినికొండకు పోయే దారిలో, ఊరు అయిపోయాక కూడా ఇంకాస్త ముందుకు పోతే ఒక మేడమీద గది ఉంది. ఆ గదిలో ఆరిఫ్ ఒక్కడే ఉంటాడు. ఏ దేశపు షేర్ మార్కెట్‌కు ఏ రోజు సెలవో అడగండి, తడుముకోకుండా చెబుతాడు. జపాన్‌లో సముద్రం పేరు మీద ఒక సెలవుందని కూడా అతనికి తెలుసు. పక్కవాటాలో ఎవరుంటున్నారో మాత్రం తెలియదు.

అతని పని అలాంటిది. షేర్లు కొని అమ్మేవాళ్ల కోసం బెంగళూరు కంపెనీ ఒకటి ఫోన్లో పనిచేసే క్యాలెండర్ తయారుచేసింది. ఏ మార్కెట్ ఎప్పుడు మూస్తారు, అమెరికా ఉద్యోగాల లెక్కలు ఎప్పుడొస్తాయి, మన రిజర్వు బ్యాంకు వడ్డీ సంగతి ఎప్పుడు చెబుతుంది, అన్నీ అందులో ముందే ఉంటాయి. లెక్కలు వచ్చే ముందు ఫోను మోగుతుంది, డబ్బు పెట్టినవాళ్లు జాగ్రత్త పడతారు. ఆ తేదీలు ఎక్కించేదీ, ఆ మోత మోగించేదీ ఆరిఫే. లక్షమందిని హెచ్చరించే మనిషిని హెచ్చరించడానికి ఒక్కరూ లేరన్నది వేరే సంగతి.

ఒకప్పుడు ఉండేది. ఇష్రత్, అతని భార్య. "నువ్వు అమెరికా టైముకు కాపురం చేస్తాండావు" అని నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వు మానేసి, చివరికి కూతుర్ని తీసుకుని కుప్పంలో పుట్టింటికి వెళ్లిపోయింది. కొట్లాట ఏమీ లేదు. జమాత్ పెద్దలు కూర్చోబెట్టి ఖులా, అంటే భార్య కోరిన విడాకులు, ఇప్పించారు. కూతురు సుమయ్యా తల్లి దగ్గరే ఉంటుంది. రంజాన్, బక్రీద్, ఆ రెండు పండగల రోజుల్లో మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తండ్రితో ఉంటుంది. ఏడాదికి రెండే రోజులు. మిగతా రోజులన్నీ ఆరిఫ్ ఆ రెండింటి కోసమే గడుపుతాడు.

ఈసారి రంజాన్ గురువారమని జనవరిలోనే మార్కెట్ సెలవుల జాబితా వచ్చింది. ఆరిఫ్ ఎక్కించాడు. ఇండొనేసియా, మలేసియా మార్కెట్ల పక్కన 'నెలవంకను బట్టి మారవచ్చు' అని చుక్క కూడా పెట్టాడు. మన మార్కెట్ పక్కన పెట్టలేదు. మన మార్కెట్ వాళ్లు జాబితాలో వేశారంటే గురువారమే మూస్తారు, దానికి నెలవంకతో పనేముంది? మార్కెట్ సంగతి సరే. పండగ కూడా ఆ జాబితా మాట వింటుందని అనుకోవడమే అతను చేసిన తెలివితక్కువ పని. నమాజు తెలిసినవాడు, నెలంతా రోజా ఉపవాసం ఉన్నవాడు, చిన్నప్పుడు పుంగనూరులో మిద్దెక్కి అందరికంటే ముందు నెలవంకను చూపించినవాడు! అలాంటివాడు బుధవారం సాయంత్రం చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, అమెరికా చమురు నిల్వల లెక్కల కోసం కూర్చుని, ఖర్జూరం నోట్లో వేసుకుని రోజా విడిచి, కిటికీ వైపైనా తిరగలేదు. మసీదు మైకు అంతదూరం వినపడదు. కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి ఖులా రోజునే బయటికి వచ్చేశాడు.

గురువారం తెల్లవారుతుండగా ఫోను మోగింది. 'ఈద్ ముబారక్. ఈరోజు మార్కెట్ సెలవు.' జనవరిలో తానే రాసిపెట్టిన మాట. అయినా చూసి సంతోషించాడు పాపం. ఆ పొద్దు అతనికి ముబారక్ చెప్పింది అదొక్కటే.

తలంటుకున్నాడు. కొత్త జుబ్బా వేసుకుని, అత్తరు రాసుకుని, సుమయ్యాకు కొన్న గాజులు, మిఠాయి పొట్లం సంచిలో పెట్టుకుని, నమాజు కుప్పం ఈద్గాలో చేసుకుందామని బస్సెక్కాడు. పుంగనూరులో బస్సు ఆగితే దిగి, చిన్నప్పటి నుంచీ తెలిసిన గురప్ప టీ అంగడి దగ్గర టీ తాగాడు, బన్ను తిన్నాడు.

"ఏమప్పా, పండగా?" అన్నాడు గురప్ప, జుబ్బా వంక చూసి. "మా వీధిలో మీవోళ్లు ఎవురూ కొత్త బట్టలు ఏసుకున్నట్టు లేదే?"

"ఇంకా లేసుండరులే" అన్నాడు ఆరిఫ్. ఫోను తీసి చూపించాడు కూడా. గురప్ప ఫోను చూశాడు, మనిషిని చూశాడు, గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు.

కుప్పంలో ఇష్రత్ పుట్టింటి వీధిలోకి మలుపు తిరిగేసరికి జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. తలుపు తీసింది ఇష్రత్ తల్లి జాహెదా. పాత చీర, చేతిలో చీపురు. ఇంట్లో సేమ్యా వాసన లేదు.

"ఏందప్పా ఇది?" అంది. "పండగ రేపు కదా. నెలవంక కనపళ్లేదని రాత్రే మైకులో సెప్పినారు. ఈరోజు ముప్పయ్యో రోజా."

పుంగనూరులో టీ తాగి, బన్ను తిని రోజా చెడగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది ఆరిఫ్‌కు. అక్కడే గడప బయట నిలబడి, రేపటికి సెలవు అడుగుదామని బెంగళూరుకు ఫోన్ చేశాడు. పై అధికారి చేతన్ మంచివాడే.

"రేపా? రేపు ఉద్యోగాల లెక్కలు కదా ఆరిఫ్. నువ్వు కాక ఎవరున్నారు? మన సెలవు ఈరోజేగా, ఎక్కించింది కూడా నువ్వే" అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే ఆరిఫ్ కాదనలేకపోయాడు.

"ఈ ఒక్క రోజు పంపండమ్మా" అని జాహెదాను బతిమాలాడు. "రేపు నాకు కుదరదు."

"బిడ్డ మొదటి రోజా పట్టింది. ఒక రోజు పెరిగింది కదా, నేనూ ఉంటానని మొండికేసింది. ఎండలో యాడ తిప్పుతావప్పా? ఈడ్నే కూసో, ఇఫ్తార్ దాకా."

సుమయ్యా వసారాలో చాప మీద పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. తండ్రిని చూసి, 'అబ్బా' అని పిలుస్తూ లేచి కూర్చుంది. కొత్త జుబ్బా చూసింది, అత్తరు వాసన పీల్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిలకిల నవ్వింది. ఇంతలోనే నవ్వు ఆగిపోయింది.

"అబ్బా, పండగ కాదని నీకెవురూ సెప్పలేదా?"

ఇన్నేళ్లుగా తాను ఎంత ఒంటరో ఎవరూ ఇంత సూటిగా ఆరిఫ్ ముందు పెట్టలేదు. అతనికి ఏడుపొచ్చింది. మిఠాయి పొట్లం సంచి అడుక్కి తోసేసి, కూతురి పక్కన కూర్చున్నాడు.

ఆ రోజంతా వాళ్లు ఎక్కడికీ పోలేదు. ఆకలి మరచిపోవడానికి సుమయ్యా అతని ఫోన్లో దేశాల జెండాలు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. ఆరిఫ్ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తన రోజా ఎలాగూ పోయిందని అతనికి తెలుసు, అయినా బిడ్డ ముందు ఎలా తాగుతాడు? సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి మొదటి రోజా పట్టిన పిల్లకు పూలదండ వేశారు. ఇష్రత్ డ్యూటీ నుంచి వచ్చి, అతన్ని చూసి, ఇంకో గ్లాసు షర్బత్ కలిపింది. సుమయ్యా ఖర్జూరం సగం కొరికి, మిగతా సగం తండ్రి చేతిలో పెట్టింది.

"ఇంకమీద నేను ఫోన్ చేసి సెప్తా. అంతదాకా కొత్త బట్టలు ఏసుకోగాకు" అంది.

శుక్రవారం మదనపల్లె ఈద్గాలో నమాజయ్యాక ముక్కూమొహం తెలియనివాళ్లు ఇద్దరు ముగ్గురు అతన్ని కావలించుకున్నారు. తరువాత గదికి వచ్చి, తలుపేసుకుని, అమెరికా ఉద్యోగాల లెక్కలు మోగించాడు.

బక్రీద్ నెల మొదలయ్యే సాయంత్రం ఆరిఫ్ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి మిద్దెక్కాడు. బసినికొండ పైన సన్నగా, స్పష్టంగా నెలవంక కనిపించింది. ఇక పదో రోజు బక్రీద్ అని తేలిపోయినట్టే. అయినా క్యాలెండర్ తెరవలేదు. ఫోను చేతిలో పట్టుకుని పిట్టగోడ మీద కూర్చున్నాడు. చీకటి పడింది. నెలవంక కిందికి దిగిపోయింది. ఒకసారి మోగితే ఆత్రంగా చూశాడు, ఏదో దేశం ధరల లెక్కలు. మళ్లీ కూర్చున్నాడు. దోమలు కుడుతున్నా లేవలేదు.

చివరికి కుప్పం నుంచి ఫోను వచ్చింది.

"అబ్బా! నెలవంక కనపడింది! నీకు తెలుసునా?"

"లేదు తల్లీ" అన్నాడు ఆరిఫ్. "నాకెవురూ సెప్పలేదు."