బావి మీద పడ్డ చుక్క

ఆ పాత జీపీఎస్‌ను చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు జిగురు అంటుకుంటుంది. ఎన్నో ఎండలు తిన్న దాని రబ్బరు తొడుగు ఇప్పుడు కరగడం మొదలుపెట్టింది. కొత్త చెప్పుల వాసనకు కొంచెం మాడు తగిలినట్టుండే ఆ వాసన ముక్కుకు సోకగానే నాకు రాజలింగం సార్ గుర్తొస్తారు. ఈ రోజు పొద్దున కూడా అంతే. జనగామలోని మా సర్వే ఆఫీసులో మెరిసిపోయే కొత్త యంత్రాలు నాలుగున్నాయి. అయినా ఏ మ్యాపు తయారైనా ముందు ఈ ముసలిదానిలో ఎక్కించి చూసుకోందే నాకు మనసొప్పదు. ఆఫీసులో వాళ్ళు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

సార్‌ది మహబూబాబాద్. ఆయన మాత్రం ఎప్పుడూ మానుకోట అనే అనేవారు. సర్వే ఉద్యోగంలో రిటైరయ్యాక జనగామలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఈ ఆఫీసు పెట్టారు. నేను డిప్లొమా చేతబట్టుకుని వచ్చి చేరేనాటికి నాకు కంప్యూటరు వచ్చు, పొగరు వచ్చు, పని రాదు. ఆయన బీరువా నిండా టోపోషీట్లు ఉండేవి. కొండలు, వాగులు, అడవి అంచులు, చివరికి చేలలోని బావులతో సహా గీసిన పెద్ద పెద్ద కాగితాలు అవి. వాటిని స్కాన్ చేయాలి. నాలుగు మూలలూ భూమి మీద సరిగ్గా ఎక్కడ పడతాయో కంప్యూటరుకు చెప్పాలి. యంత్రం మోయగలిగినంత ముక్కలుగా కోసి మెమరీ కార్డులోకి పంపాలి. నేను గంటలో ముగించే ఆ పనికి ఆయన ఒక పూటంతా తీసుకునేవారు. పెద్దాయన కదా, చేతకాదులే అనుకునేదాన్ని.

మొదటి నెలలోనే నా పరువు పోయింది. భూపాలపల్లి వైపు ఘనపూర్‌లో పనుంది, షీటు ఎక్కించమన్నారు. మాది లింగాల ఘనపూర్. ఘనపూర్ అంటే నాకు మా ఊరు తప్ప ఇంకోటి తడితే కదా! మా ఊరి షీటు ఎక్కించుకుని సార్‌తో దర్జాగా బస్సెక్కాను. తీరా అక్కడ దిగి ఆన్ చేస్తే, తెర మీద మేమున్న చోటు చూపే బాణం గుర్తు ఒక్కటే ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు. సార్ యంత్రం అందుకుని బటన్ నొక్కుతూ మ్యాపును పడమరకు జరిపారు, జరిపారు, చాలాసేపు జరిపారు. చివరికి తెర మీద మా ఊరు వచ్చింది.

"గిది మీ ఇంటి తొవ్వ గదా బిడ్డా. మనం పనికొచ్చినమా, నిన్ను ఇంటికాడ దింపనీకి వచ్చినమా?" అన్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన చాయ్ తాగించి, నెమ్మదిగా చెప్పారు. "మ్యాపు ఎక్కించినంక కుర్చీల కూసోని చూసుడు కాదు. నీకు ఎరుకున్న జాగ ఒకటి పట్టుకో. ఆడికి పోయి నిలవడు. తెర మీద గూడ ఆడనే ఉన్నవా చూడు. లేకుంటే అడుగు ముందుకెయ్యకు."

బుద్ధిగా తల ఊపాను. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఆ మాట నాకు ఎక్కడానికి సోమ్లి అవ్వ కావలసి వచ్చింది. అదే భూపాలపల్లి ఘనపూర్ వైపు, అడవి అంచున ఉన్న తండాలో ఆమెకు పత్తి చేను ఉంది. ఒక్కతే చేసుకుంటుంది. ఒక్కో చేను చుట్టూ నడిచి, అది మ్యాపులోని అడవి గీతకు లోపల ఉందో బయట ఉందో రాసివ్వడం మా పని. లోపల అని రాశామంటే ఆ చేనుకు కాగితాలు రావడం కష్టం. ఆ రోజు సార్ మానుకోటలో ఉన్నారు. నేనే పోయాను, నేనే మ్యాపు ఎక్కించుకున్నాను. అవ్వ నా వెనకాలే చేనంతా తిరిగి, బావి దగ్గర ఆగి అడిగింది.

"యాడున్న బిడ్డా నేను? లోపటనా, బయటనా?"

"లోపట చూపెడుతున్నది అవ్వా."

"గీ బావి మా మామ తవ్విండు. గప్పుడు ఈడ గీత యాడిది?"

"మ్యాపు గట్ల చెప్తున్నది. నేనేం జెయ్యాలె చెప్పు."

అవ్వ అరవలేదు. తిట్టలేదు. బావి గట్టు మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. నేను "లోపల" అని రాసుకుని, బస్సు టైమైందని వచ్చేశాను. ఆ సాయంత్రమే జాబితా పంపేశాను కూడా.

మర్నాడు సార్ ఆ జాబితా చూశారు. "అందరియి లోపటనే పడ్డయా?" అని అడిగారు. అవునన్నాను. జాబితాను మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత, "ఆడ బావి ఉండాలె గదా. మ్యాపుల బావి గుర్తు యాడున్నది?" అన్నారు.

యంత్రం తెరిచి చూశాను. నేను అవ్వతో నిలబడ్డ చోటు ఒక దగ్గర ఉంది. షీటు మీద బావిని చూపే నీలం చుక్క రెండు చేల అవతల ఉంది. "వేరే బావేమో సార్" అన్నాను.

"నిలవడి చూసినవా?"

ఆ షీటు వివరాలు కంప్యూటరులో తెరిచాను. అప్పుడు వెలిగింది నాకు. ఆ పాత షీట్లు గీసినవాళ్ళ కొలత లెక్క ఒకటి, ఈనాటి ఉపగ్రహాల లెక్క ఇంకొకటి. షీటు ఏ లెక్కదో కంప్యూటరులో ఒక గడిలో చెప్పాలి. నేను ఆ గడి వైపే చూడలేదు. మ్యాపు మొత్తం పక్కకు జరిగిపోయింది, దాంతోపాటు అడవి గీతా జరిగింది. సార్ పూటంతా కూర్చుని చేసేది ఇదన్నమాట.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "జాబితా తప్పని లెటర్ నేను రాస్త. తప్పు నాదని రాస్త. ఆఫీసు నాది గదా," అన్నారు. నా ముఖం చూసి, "గని అవ్వకు చెప్పుడు నీ పని. ఫోన్ల కాదు. ఎదురుంగ నిలవడి చెప్పాలె" అని బస్సు చార్జీలకు జేబు తడుముకున్నారు.

మ్యాపు సరిచేసి తెల్లారే ఇద్దరం పోయాం. సార్ నన్ను బావి గట్టు మీద నిలబెట్టి యంత్రం చేతికిచ్చారు. బాణం గుర్తు సరిగ్గా నీలం చుక్క మీద ఉంది. అడవి గీత చేను అవతలకు, మోదుగు చెట్ల దగ్గరకు పోయింది. అవ్వ వైపు తిరిగి, "అవ్వా, నేను తప్పు జేసిన. నీ చేను బయటనే ఉన్నది" అన్నాను.

అవ్వ తెర మీదకు వంగింది. "గీ సుక్క మా బావేనా?"

"మీ బావే అవ్వా."

"మా మామ తవ్వింది గా కాయిదంల గూడ ఉన్నదా?" అంటూ మట్టి వేలితో ఆ చుక్కను తాకింది. తర్వాత నా వైపు తిరిగి, "రెండు రాత్రులాయె నిద్రలేక" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

సార్ ఆ చోటును యంత్రంలో గుర్తుగా దాచారు. సోమ్లి బావి అని పేరు పెట్టారు. ఆ తర్వాత అటు ఎప్పుడు పోయినా బావి దగ్గర నిలబడకుండా పని మొదలుపెట్టలేదు. అవ్వ సార్ కోసం మక్క కంకులు కాల్చి పెట్టేది. సార్‌కు పళ్ళు సరిగ్గా లేవు. అయినా ఒక్కో గింజా ఒలుచుకుని, అన్నీ తినేవారు.

ఆయనను చివరిసారి చూసింది మానుకోట దవాఖానలో. మాట బాగా తగ్గిపోయింది. "ఏం ఎక్కించినవ్?" అని అడిగారు. దేవరుప్పుల షీటు అన్నాను. "నిలవడ్డవా?" "నిలవడ్డ సార్, వాగు బ్రిడ్జి మీద." తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. నా తప్పును మీ పేరున రాసుకున్నారు సార్, నేను మరిచిపోలేదు అని చెప్పాలని ఎంతో అనుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు చెప్పొచ్చులే అని లేచాను. ఆ మళ్ళీ రాలేదు.

సార్ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఘనపూర్ వైపు పని ఏది వచ్చినా ఏదో సాకు చెప్పి వేరేవాళ్ళను పంపాను. ఇవాళ అటువైపు కొత్త మ్యాపు ఎక్కించి సోమ్లి బావి గుర్తు తెరిచాను. నీలం చుక్క మీదే పడింది. "పడ్డది సార్" అని ఆయన కుర్చీ వైపు తిరిగాను. కుర్చీ నిండా ఫైళ్ళున్నాయి. ఎంత కావాలనిపించిందో అప్పుడు, ఒక్కసారి ఆయన గొంతు వినాలని!

వింటే ఏమనేవారో కూడా నాకు తెలుసు. కుర్చీలో కూర్చుని చూసుకోవడం చూసుకోవడం కాదు. అందుకే సంచీ భుజానికి తగిలించుకుని, ఇదిగో, బస్టాండులో కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నానికి బావి దగ్గర ఉంటాను. అవ్వ నా వెనకాల చూస్తుంది. "సారేడి బిడ్డా?" అని అడుగుతుంది. ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. ఎదురుగా నిలబడి చెప్పాలి. అది నా పని.