కానుకల సంచిలో మక్కగింజలు

ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో పంచాయతీ ఎన్నికంటే ఓట్లు కాదు, ఏకగ్రీవం. ఊరి కమిటీ పెద్దలు పేర్లు చెప్తారు, మిగతావాళ్లు నామినేషన్లు వెనక్కి తీసుకుంటారు. మొన్న నేను మా వార్డుకు నామినేషన్ వేసి, వెనక్కి తీసుకోనని మొండికేశాను.

కమిటీవాళ్లు నా జోలికి రాలేదు. నేరుగా చర్చికి పోయి ఫాదర్‌ని పట్టుకున్నారు, నన్ను తప్పుకోమని ఆదివారం పూజలో ఒక్క మాట చెప్పమని. ఫాదర్ నన్ను పిలిపించారు.

"ఊర్ల శాంతి ముఖ్యం గదమ్మా. సోమవారం దాకా గడువుంది, తీసుకోరాదు?"

నాకు ఒళ్లు మండింది. "కిందోళ్లు చేసుకోగల పనిని పైవోళ్లు గుంజుకోవద్దు, అది మన కతోలిక తిరుసభ బోధన అని కామారెడ్డి మతబోధన తరగతులల్ల మీరే చెప్పిండ్రు. గది పుస్తకం వరకేనా ఫాదర్?"

ఆయన నవ్వారు. "ఆరేండ్ల సంది చర్చిల మహిళా సంఘానికి నువ్వే పెద్దవు. నిన్నెవరు ఎన్నుకున్నరు? నేను పేరు చెప్పిన, అందరు చప్పట్లు కొట్టిండ్రు. గప్పుడు బోధన యాదికి రాలేదా?"

 ఆ చప్పట్లు నాకు తియ్యగానే ఉండేవి మరి. కానీ వెనక్కి తగ్గడం నా ఒంట్లో లేదు. "అయితే గీ ఆదివారమే గా పదవికి ఓట్లు పెట్టుండ్రి," అన్నాను.

పెట్టారు. కూలికి పోయే ఒకామె నాకు పోటీ నిలబడింది. చదువురానివాళ్లు ఉన్నారని చీటీలు వద్దనుకున్నాం. నాకైతే మక్కగింజ, ఆమెకైతే సోయాగింజ. పూజయ్యాక ఆడవాళ్లంతా పిడికిలి బిగించుకుని వచ్చి కానుకల సంచిలో వేశారు. ఫాదర్ వాటిని బల్లమీద కుమ్మరించారు. బల్లంతా సోయాలే, మక్కలు ఏరుకునేటన్ని కూడా లేవు.

అవమానంతో చెవులు కాలిపోయాయి. గెలిచినామె నా చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపం లేదక్కా. ఇన్నేండ్లు మమ్ముల ఎవ్వరు అడగలే, గంతే."

ఫాదర్ ఆ గింజల్ని తిరిగి సంచిలో పోశారు. తర్వాత గుమ్మం దగ్గర కాచుకున్న కమిటీవాళ్లతో, "వీళ్ల ఓటు గురించి నేనేం చెప్ప. ఎవరిది వాళ్లదే," అన్నారు.

వాళ్లలో పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. "సొంత చర్చిలనే ఓడినవ్. వార్డుల ఏం గెలుస్తవమ్మా? తీసుకో."

"ఓడితే ఏమైతదో ఇయ్యాల చూసిన బాపు," అన్నాను. "ఏం గాలే."

సోమవారం గడువు దాటిపోయింది. నేను నామినేషన్ వెనక్కి తీసుకోలేదు.